మా ఇంటి పోస్ట్‌మ్యాన్

నవంబర్ 16, ఆదివారం

సాయంత్రం ఆరింటికి ఫోన్ మోగింది. ఆదివారం ఆరింటికి యామిని నాతో మాట్లాడాలన్నది కల్పలత పెట్టిన పద్ధతి. ఆ పద్ధతి పెట్టిన సంగతి కూడా నాకు యామినే చెప్పింది.

"నాన్నా, తిన్నవా?"

"తిన్న."

"ఏం కూర?"

"బెండకాయ ఫ్రై" అన్నాను. పొద్దుటి పప్పే మళ్ళీ వేడి చేసుకున్నాను. ఏడేళ్ళ పిల్లకు ఆ వివరాలన్నీ ఎందుకు?

"నాన్నా, అమ్మ నీకు చెప్పమన్నది. శనివారం మా స్కూల్ల పేరెంట్స్ మీటింగ్ ఉంది గదా, ఆ రోజే టీసీ అడుగుతదంట. డిసెంబర్ నుంచి నేను అల్వాల్‌ల కొత్త స్కూల్‌కు పోతనంట. నిన్ను సుత సంతకం పెట్టనీకి రమ్మన్నది."

వెనక నుంచి గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. కల్పలత పక్కనే ఉందన్నమాట. దసరా సెలవుల్లో పిల్లను తీసుకుని పుట్టింటికి వెళ్ళింది. సెలవులు అయిపోయాయి, వాళ్ళు రాలేదు. అప్పటి నుంచి అల్వాల్ నుంచే ఆటోలో బడికి తిరుగుతోంది యామిని. అంత దూరం రోజూ తిప్పడం కష్టమే. అక్కడే వేస్తే పిల్లకు సుఖం. నేను కాదనను.

"సరేనని చెప్పు అమ్మకు" అన్నాను.

"అమ్మా, సరేనంట!" అని అరిచింది. కాసేపాగి, "విన్నదంట నాన్నా. ఇంకేమన్న చెప్పాల్నా?" అంది.

"గీజర్ బాగు చేయించిన అని చెప్పు."

అది కూడా అరిచి చెప్పింది. అటు గిన్నెల చప్పుడు అట్లాగే సాగింది.

గీజర్ సంగతి ఎందుకెత్తానో నాకే తెలియదు. చెప్పాలనుకున్నది అది కాదు. పోనీలే.

ఈ డైరీ పోయినేడాదిది, ఆఫీసులో జకర్యా ఇచ్చాడు. తేదీల కింద వారాలు కొట్టేసి నేనే రాసుకుంటున్నాను. రాయడానికి పెద్ద కారణమేమీ లేదు. టీవీ రిమోట్‌లో సెల్ అయిపోయింది, అంతే.


నవంబర్ 17, సోమవారం

రెండో తరగతి వాట్సాప్ గ్రూపులో నేనింకా ఉన్నాను. ఎవరూ తీసెయ్యలేదు. ఆ రోజు పిల్లలు ఏం నేర్చుకున్నారో ప్రిసిల్లా టీచర్ సాయంత్రం అందులో పెడుతుంది. ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు వదిలేసేవాణ్ణి. ఇప్పుడు ఒక్క మెసేజ్ కూడా వదలట్లేదు. పిల్ల చదువు ఎట్లా సాగుతోందో తండ్రికి తెలియాలి కదా.

ఈ రోజు గడియారం. చిన్న ముల్లు, పెద్ద ముల్లు. హోంవర్క్: రోజూ ఏ గంటకు ఏం చేస్తారో గడియారం బొమ్మ గీసి రాసుకు రావాలి.

అన్నమయ్యాక నేనూ గీశాను. స్టీలు పళ్ళెం బోర్లించి చుట్టూ గీత గీస్తే గుండ్రంగానే వచ్చింది. ఆరింటికి లేవడం. ఎనిమిదింటికి మల్కాజ్‌గిరిలో లోకల్ రైలు. తొమ్మిది నుంచి రైల్వే పార్సిల్ ఆఫీస్. ఏడింటికి ఇల్లు. ఎనిమిదింటికి అన్నం. తొమ్మిది దగ్గర ఆగిపోయాను. ఇదివరకు తొమ్మిదింటికి ఏం చేసేవాణ్ణి? యామినికి కథ చెప్పేవాణ్ణి. అది నిద్రపోయేది. కల్పలత వంటిల్లు సర్దేది. నేను హాల్లో కూర్చునేవాణ్ణి. మాటలేమీ ఉండేవి కావు, కానీ చప్పుడు ఉండేది.

తొమ్మిది దగ్గర "నిద్ర" అని రాశాను. అబద్ధం.


నవంబర్ 18, మంగళవారం

తడి దూదిలో పెసలు. మొలకలొచ్చేదాకా రోజూ చూడాలట. నేనూ చాయ్ సాసర్లో పెట్టి వంటింటి కిటికీలో ఉంచాను.


నవంబర్ 19, బుధవారం

ఇవాళ పొడుగ్గా రాయాలి. రాయకపోతే నిద్ర వచ్చేట్టు లేదు.

ఈ రోజు పాఠం "మనకు సహాయం చేసేవాళ్ళు". డాక్టరు, డ్రైవరు, చెత్త బండి అన్న, పోస్ట్‌మ్యాన్. శనివారం పిల్లలందరూ తలా ఒక వేషం వేసుకుని రావాలట. టీచర్ చిన్న వీడియో పెట్టింది. అందులో మా యామిని ఉంది. నీలం రిబ్బన్లు, ఒకటి ఊడిపోయి భుజం మీద వేలాడుతోంది. జడ నేను వేస్తే ఎప్పుడూ అట్లాగే ఊడేది. కల్పలత వేసినా ఊడుతుందని తెలిసి, ఇంత పరేషాన్‌లోనూ నాకు కొంచెం సంతోషమైంది.

"పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు?" అని టీచర్ అడిగింది.

"ఒకరు చెప్పింది ఇంకొకరికి ఇస్తడు" అంది యామిని.

"వెరీ గుడ్. మరి మీ ఇంటికి పోస్ట్‌మ్యాన్ వస్తాడా?"

"రాడు టీచర్. మా ఇంట్ల పోస్ట్‌మ్యాన్ నేనే."

పిల్లలు నవ్వారు. టీచర్ కూడా నవ్వింది. యామిని అందరికంటే ఎక్కువ నవ్వింది. గ్రూపులో తల్లిదండ్రులంతా నవ్వే బొమ్మలు వరసగా పెట్టారు. "సో స్వీట్" అన్నారు. "ఎంత తెలివో" అన్నారు. నేనూ ఒక నవ్వే బొమ్మ పెట్టాను. పెట్టాక చూసుకుంటే, నా బొమ్మకు పైన కల్పలత పెట్టిన నమస్కారం బొమ్మ ఉంది. ఆమె నవ్వే బొమ్మ పెట్టలేదు.

ఆఫీసులో జకర్యాకు వీడియో చూపించాను. జకర్యా నాకంటే పదేళ్ళు పెద్ద. వాళ్ళది ఏలూరు దగ్గర, ముప్పయ్యేళ్ళుగా బొల్లారంలో ఉంటున్నాడు. చూసి నవ్వాడు, తర్వాత నవ్వు ఆపేసి నా మొహం చూశాడు.

"పోస్ట్‌మ్యాన్ అంటే ఏంటయ్యా? మీరిద్దరూ మాట్లాడుకోరా?"

"మా ఇంట్లో గొడవలుండవన్నా. ఒక్కసారి కూడా గొంతు పెరగలేదు."

"నేనూ రోసమ్మా రోజూ పోట్లాడతాం. మొన్న చేపల పులుసులో చింతపండు ఎక్కువైందని గంటసేపు. వీధి చివరికి వినపడింది. నువ్వు కూడా ఒక్కసారి గట్టిగా తిట్టించుకోవయ్యా, తిన్నది అరుగుతుంది."

నేను లేచి వెళ్ళి బయట పార్సిల్‌కొచ్చిన బైకులు లెక్క చూసుకున్నాను. వాళ్ళ ఇల్లు వేరు, మా ఇల్లు వేరు. మా నాన్న కూడా మా అమ్మతో నేరుగా మాట్లాడేవాడు కాదు. "మీ అమ్మను చాయ్ పెట్టమను" అనేవాడు, అమ్మ ఎదురుగా ఉండగానే. "మీ నాన్నను స్నానానికి లేవమను" అనేది అమ్మ. మధ్యలో నేను. అదొక పద్ధతి. కోపం వచ్చినప్పుడు ఎదురుగా మాట్లాడితే మాట మిగులుతుంది. పిల్ల నోటి మీదుగా వస్తే మెత్తబడి వస్తుంది. నేను అట్లాగే అనుకున్నాను. అట్లాగే అనుకుంటున్నాను.

అసలు ఆ రోజు ఏం జరిగిందో ఒకసారి రాసి చూస్తాను.

కల్పలత తమ్ముడి గృహప్రవేశానికి వస్తానని చెప్పి నేను వెళ్ళలేదు. డ్యూటీ పడింది. నిజంగానే పడింది. ఇంటికొచ్చాక కల్పలత ఒక మాట అంది: "నీకు మావాళ్ళంటే ఎప్పుడు లెక్క ఉన్నది?" నేనేమీ అనలేదు. అనకపోవడం మంచిదే కదా. మర్నాడూ అనలేదు. వారం గడిచింది. "మీ అమ్మను అన్నం పెట్టమను." "మీ నాన్నకు చొక్కా ఇస్త్రీ అయ్యిందని చెప్పు." యామిని అటూ ఇటూ పరిగెత్తేది. దానికి అది ఆట. ఒక్కోసారి నేను చెప్పకముందే వచ్చి "ఏమన్న చెప్పాల్నా?" అని అడిగేది.

దసరా సెలవులు షురూ అయిన రోజు సాయంత్రం అది వంటింట్లోంచి వచ్చింది. "నాన్నా, మేం అమ్మమ్మోళ్ళింటికి పోతే నీకేమన్న తక్లీఫా అని అమ్మ అడగమన్నది."

వంటింటికీ హాలుకీ మధ్య తలుపు కూడా లేదు. ఉన్నది పూసల తెర. కల్పలత అడిగింది నాకు ముందే వినిపించింది. యామిని వచ్చేలోపల జవాబు ఆలోచించుకునే టైం కూడా దొరికింది.

"మీ అమ్మ ఇష్టం అని చెప్పు" అన్నాను.

అది పరిగెత్తింది. లోపల స్టవ్ ఆపేసిన చప్పుడైంది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత యామిని వచ్చింది. "అమ్మ సరేనన్నది నాన్నా" అని చెప్పి, తన బొమ్మను సంచిలో పెట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

అంతే జరిగింది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. ఇందులో నా తప్పు ఏముందో ఎంత చదివినా కనిపించట్లేదు. ఇష్టం అంటే ఇష్టమే కదా.

వీడియో మళ్ళీ చూశాను. అది నవ్వే ముందు ఒక్కసారి కిందికి చూస్తుంది.


నవంబర్ 20, గురువారం

పొద్దున లోకల్‌లో ఉండగా కల్పలత నంబరు నుంచి వాయిస్ మెసేజ్. విన్నాను. యామిని.

"నాన్నా, నేను పోస్ట్‌మ్యాన్ వేషం ఏస్తున్న. ఖాకీ సంచి కావాలె. భుజానికి ఏసుకునేది. సంచి బజార్ల దొరుకుతలేదని అమ్మ అంటున్నది. నువ్వు పార్సిల్ ఆఫీస్ గదా, నీ దగ్గర సంచులుంటయి గదా."

ఉంటాయి. మా ఆఫీసు బయట బైకులకు గోనెపట్టా చుట్టి కుట్టే నాంచారమ్మ ఉంది. చెయ్యంత సూది. ఆఫీసులో పడి ఉన్న పాత ఖాకీ ప్యాంటు ఒకటి ఇచ్చి ఏడేళ్ళ పిల్ల భుజానికి వేసుకునే సంచి కావాలన్నాను.

"బిడ్డ ఎత్తు ఎంతున్నది సారూ?" అని అడిగింది.

నా నడుం దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. కొంచెం పైకి జరిపాను. మళ్ళీ కిందికి. రెండు నెలల్లో పెరిగిందో లేదో. నాంచారమ్మ నా చెయ్యి చూసి ఏమీ అడగకుండా, "పట్టీకి ముడి ఏస్త. పొడుగైతే ఇప్పుకోవచ్చు" అంది.

మధ్యాహ్నం ఒంటిపూట సెలవు పెట్టి, మల్కాజ్‌గిరిలో దిగి, స్టేషన్ అవతల ఉన్న బడికి నడిచి వెళ్ళి సంచి వాచ్‌మన్‌కు ఇచ్చేశాను. లోపలికి వెళ్ళలేదు. నేను గేటు దగ్గర కనిపిస్తే పిల్ల ఆ రోజంతా సరిగ్గా తినదట, రావద్దని కల్పలత చెప్పింది. అంటే, చెప్పమంది. లోపల నుంచి ఎక్కాలు వినిపిస్తున్నాయి. మూడో ఎక్కం. అందరి గొంతులూ కలిసి ఒకటే గొంతు. అందులో మనదేదో పోల్చుకోవచ్చని వాచ్‌మన్ కుర్చీ పక్కన చాలాసేపు నిలబడ్డాను. పోల్చుకోలేకపోయాను.

ఇంటికొచ్చేసరికి కింది వాటా కమలాబాయి మెట్ల మీద కూర్చుని ఉంది. "కోడలెప్పుడొస్తది బిడ్డా?" అంది.

"పిల్లకు పరీక్షలున్నయమ్మా" అన్నాను. పరీక్షలుంటే పిల్ల ఇంట్లో ఉండాలి కానీ ఊరికి ఎందుకు పోతుందని ఆమె అడగలేదు. పెద్దమనిషి.


నవంబర్ 21, శుక్రవారం

పెసలు మొలకలొచ్చాయి. తెల్లగా, ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు తిరిగి. చూపించడానికి ఎవరూ లేరు. జకర్యాకు ఫోటో పంపాను. "ఉప్పు, నిమ్మకాయ వేసుకుని తిను" అని రాశాడు.

ఈ రోజు గ్రూపులో వచ్చింది: ప్లీజ్, సారీ, థాంక్యూ. ఎప్పుడు ఏది అనాలో నేర్పారట. దానికి ఒక సంగతి కూడా జోడించింది టీచర్. ఇవాళ హదస్సా అనే పిల్ల ఇవాన్ రంగు పెన్సిల్ విరగ్గొట్టిందట. సారీ చెప్పమంటే తను పోకుండా మా యామినిని పంపిందట, "యామిని పోస్ట్‌మ్యాన్ కదా" అని. యామిని పోయి "హదస్సా సారీ అంట" అని చెప్పి వచ్చిందట. ఇవాన్ ఒప్పుకోలేదట. అప్పుడు టీచర్ ముగ్గురినీ కూర్చోబెట్టి, ఎవరు చెప్పాల్సిన మాట వాళ్ళే వచ్చి చెప్పాలని చెప్పిందట. హదస్సా కాసేపు ఏడ్చి, చివరికి తనే వెళ్ళి చెప్పిందట. ఇద్దరూ కలిసి టిఫిన్ తిన్నారట.

ఏడేళ్ళ పిల్లలు. పొద్దున తగువు, మధ్యాహ్నానికి టిఫిన్.

రేపే శనివారం. సంతకం పెట్టాలి. పెడతాను. పిల్ల సుఖం కదా ముఖ్యం.

కాదు. రాయడానికి ఎవరి భయం? నాకు సంతకం పెట్టడం ఇష్టం లేదు. ఆ టీసీ చేతికి వస్తే వాళ్ళు ఇక రారు. బడి అక్కడ, ఇల్లు అక్కడ, కల్పలత ఉద్యోగం కూడా అల్వాల్‌లోనే, రక్తపరీక్షల ల్యాబులో. ఇక్కడికి రావడానికి వాళ్ళకు పనేమీ ఉండదు, నేను తప్ప.

వంటింట్లో నిలబడి ఒకసారి అని చూశాను. "కల్పా, టీసీ తీసుకోకు." గొంతు బొంగురుగా వచ్చింది. రోజంతా ఇంట్లో మాట్లాడని గొంతు అది. మళ్ళీ అన్నాను. కొంచెం నయం. మొలకలకు చెప్పడం సులువే.


నవంబర్ 22, శనివారం

ఎట్లా మొదలుపెట్టాలో తెలియట్లేదు. వరసగా రాస్తాను.

బడి ఆవరణ నిండా చిన్న డాక్టర్లు, చిన్న పోలీసులు. ఇద్దరు ట్రాఫిక్ పోలీసులు ఒకటే విజిల్ కోసం కొట్లాడుకుంటున్నారు. యామిని దూరం నుంచే నన్ను చూసి పరిగెత్తుకొచ్చింది. ఖాకీ చొక్కా, టోపీ, భుజాన సంచి. సంచి మోకాళ్ళ దాకా వేలాడుతోంది. పట్టీ ముడి ఇంకొంచెం పైకి వెయ్యాల్సింది. నేను చెయ్యి పెట్టి చూపించినదానికంటే అది పొట్టిగానే ఉంది. ఎందుకో దాంతో నాకు చాలా ధైర్యం వచ్చింది.

కల్పలత బెంచీ ఆ చివర కూర్చుంది. చిక్కింది. నేను ఈ చివర కూర్చున్నాను. ఈ వారం నేర్చుకున్నదంతా పిల్లలే తమ తల్లిదండ్రులకు చూపించాలట. యామిని మా మధ్య నిలబడి ఒక్కొక్కటే తీసింది. దూదిలో మొలకలు. దానివి నా మొలకల కంటే పొడుగు. తర్వాత గడియారం బొమ్మ. ఏడింటికి పాలు. ఎనిమిదింటికి ఆటో. ఆరింటి దగ్గర ఫోన్ బొమ్మ గీసి "నాన్న" అని రాసింది.

"ఇది ఆదివారమే గదా" అన్నాను. "రోజూ చేసేదే గియ్యాలని కదా టీచర్ చెప్పింది?"

"రోజూ ఆరింటికి నేను ఫోన్ దిక్కు చూస్త" అంది. అది మామూలుగానే చెప్పింది, పాలు తాగుతానన్నట్టు. కల్పలత తల తిప్పుకుని గ్రౌండ్ వైపు చూసింది.

ప్రిసిల్లా టీచర్ వచ్చి, టీసీ కాగితం ఆఫీస్ రూములో రెడీగా ఉందని, ఇద్దరూ ఒకసారి మాట్లాడుకుని వస్తే సరిపోతుందని చెప్పి వెళ్ళింది. మాట్లాడుకుని. ఆ మాట ఆమె ఎంత తేలిగ్గా అందో.

కల్పలత యామిని వైపు చూసింది. "మీ నాన్నను తొందరగ సంతకం పెట్టి రమ్మను. నాకు డ్యూటీకి టైమైతున్నది."

యామిని నా వైపు తిరిగింది. కానీ చెప్పలేదు.

రాత్రి నేర్చుకున్న వాక్యం నాకు గుర్తుంది. కల్పా, టీసీ తీసుకోకు. మూడే మాటలు. నోరు తెరిచాను. "యామినీ, అమ్మకు చెప్పు..." అన్నాను.

నిజంగా అట్లాగే అన్నాను. అట్లా వచ్చింది నోట్లోంచి.

యామిని సంచి పట్టీని రెండు చేతులతో పట్టుకుంది. "నేను చెప్ప నాన్నా" అంది.

"ఎందుకు బిడ్డా?"

"నాకు భయమైతది."

"ఏం భయం? ఎప్పుడూ చెప్తవు గదా."

"పోయినసారి నేను చెప్తెనే గదా అమ్మ బట్టలు సర్దింది." టోపీ కింద మొహం ముడుచుకుపోయింది. "నేను తప్పు చెప్పిన్నా నాన్నా? నువ్వు వేరేది చెప్పినవా? నేను ఉరుక్కుంట పోయిన గదా, మర్చిపోయి తప్పు చెప్పిన్నా?"

నేను కల్పలత వైపు చూశాను. కల్పలత నా వైపు చూసింది. రెండు నెలల తర్వాత కాదు, ఇంకా చాలా నెలల తర్వాత.

రెండు నెలలుగా ఈ పిల్ల అట్లా అనుకుంటోంది. నవ్వుతూ ఫోన్ చేసి, ఇంకేమన్న చెప్పాల్నా అని అడుగుతూ, ఈసారి ఒక్క మాట కూడా తప్పిపోకుండా అరిచి చెబుతూ. నేనేమో గీజర్ సంగతి చెప్పమన్నాను.

బెంచీ దిగి దాని ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. చుట్టూ ఎవరున్నారో చూడలేదు. "నువ్వు సరిగ్గనే చెప్పినవ్ బిడ్డా. ఒక్క మాట సుత తప్పు చెప్పలే. నేనే తప్పు మాట ఇచ్చిన నీకు. అది నువ్వు మొయ్యాల్సిన మాట కాదు."

"మరి కరెక్ట్ మాట ఏంది?"

అది అడిగింది నన్నే, కానీ నేను కల్పలత వైపు తిరిగాను. నేర్చుకున్న వాక్యం ఎక్కడికో పోయింది.

"నీ ఇష్టం అన్నది అబద్ధం కల్పా. నువ్వు పోవుడు నాకు ఇష్టం లేకుండె. ఇప్పుడు సుత లేదు. ఇంట్ల నాకు మనసు నిలుస్తలేదు."

ఇంతే. ఇంతకంటే బాగా చెప్పడం నాకు రాలేదు.

కల్పలత అలవాటుగా యామిని వైపు తల తిప్పింది. "మీ నాన్నకు చెప్పు..." అని ఆగిపోయింది. అక్కడ యామిని లేదు. సంచి తీసి బెంచీ మీద పెట్టేసి, హదస్సా ఊగుతున్న ఉయ్యాల దగ్గరికి పోయింది.

అప్పుడు కల్పలత నాతో మాట్లాడింది. ఇంత మాట్లాడుతుందని నాకు తెలియదు.

"ఆ రోజు నేను గ్యాస్ బంద్ చేసి నిలబడ్డ. ఎంతసేపు నిలబడ్డనో తెలుసా? పిల్లతో ఏం చెప్పి పంపితె పంపినవ్, జెర లేచి నువ్వే వస్తవనుకున్న. తెర జరిపి ఒక్కసారి చూస్తవనుకున్న. నువ్వు టీవీ సౌండ్ పెంచినవ్."

సౌండ్ పెంచిన సంగతి నేను ఈ డైరీలో రాయలేదు. బుధవారం అంత పొడుగ్గా రాసినా అది రాయలేదు.

"పెంచిన" అన్నాను.

"నేను సుత తక్కువ తినలే. అడిగేదేదో నేనే వచ్చి అడగాల్సుండె. పిల్లను పంపిన." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "దానికి గిట్ల అనిపిస్తున్నదని నాకు ఒక్కనాడు చెప్పలే. నా పక్కలనే పంటది, ఒక్కనాడు చెప్పలే."

ఉయ్యాల దగ్గర యామిని తన టోపీ తీసి హదస్సాకు పెడుతుంటే ఇద్దరం అటే చూశాం.

ఇంటికి వస్తానని ఆమె అనలేదు. నేను అడగనూ లేదు. ఒక్క రోజులో అయ్యే పని కాదని నాకూ తెలుసు. ఆఫీస్ రూముకు ఇద్దరం కలిసి వెళ్ళాం. ఏం చెప్పాలో నేను చూస్తూ ఉండగానే కల్పలత, "క్రిస్మస్ సెలవుల దాక ఈడనే ఉండనియ్యుండ్రి టీచర్. తర్వాత చూస్తం" అంది. టీచర్ ఆ కాగితాన్ని మళ్ళీ సొరుగులో పెట్టింది.

సంచి మర్చిపోయి వెళ్ళారు. ఇప్పుడు నా దగ్గరే ఉంది, తలుపు వెనక మేకుకు తగిలించాను.


నవంబర్ 23, ఆదివారం

పొద్దుటి నుంచి ఇల్లు ఊడ్చాను. పూసల తెర తీసి కడిగి ఆరేశాను. ఆరాక మళ్ళీ కట్టబుద్ధి కాలేదు.

ఆరు అయ్యింది. ఫోన్ రాలేదు. ఆరూ ఐదు. రాలేదు. ఫోన్ చార్జింగ్ ఉందో లేదో చూసుకున్నాను. అల్వాల్‌లో సిగ్నల్ ఉండదు ఒక్కోసారి. లేకపోతే నిన్నటి మాటలు ఇంటికి పోయాక వేరేగా అనిపించి ఉంటాయి. మనిషి అన్నాక అట్లా అనిపిస్తాయి. నేనేమీ అనుకోను.

అని రాస్తూ ఉండగానే మోగింది.

"యామినీ" అన్నాను.

"నేను" అంది కల్పలత.

అటు గిన్నెల చప్పుడు లేదు.

"తిన్నవా?" అని అడిగింది.

"ఆఁ."

"ఏం కూర?"

బెండకాయ అనబోయాను. "కూరేం లేదు. పొద్దటి పప్పే. రోజూ అదే" అన్నాను.

"గిట్లైతే ఎట్ల?" అంది. కోపంగానే అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"యామిని ఏది? ఏం చేస్తున్నది?" అన్నాను.

"పిలిచిన. రానన్నది. బయట ఆడుకుంటున్నది."